మాయమైన బొడిపె

డాక్టర్ జ్యోతిర్మయికి అనుమానం మొదలైంది ఒక మంచి వార్తతో.

ఆమె పనిచేసేది విశాఖలోని ఒక పెద్ద ఆసుపత్రిలో, కడుపు జబ్బుల విభాగంలో. అక్కడ పెద్ద డాక్టరు కృష్ణంరాజు ఒక పరిశోధన నడిపిస్తున్నాడు. ఏళ్ల తరబడి గ్యాస్ట్రైటిస్‌తో, అంటే కడుపు లోపలి పొర వాచిపోయి బాధపడుతున్న వాళ్లని పోగుచేసి ఒక కొత్త మాత్ర ఇస్తున్నారు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అదే రంగులో, అదే సైజులో మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో డాక్టర్లకీ తెలియదు. చేరినప్పుడు ఒకసారి, ఏడాది తిరిగాక ఒకసారి నోట్లోంచి కెమెరా గొట్టం వేసి కడుపు చూస్తారు. పొర మీద నుంచి చిమ్మట కొరికినంత ముక్కలు తీసి పరీక్షకి పంపిస్తారు.

ఆ వాపుని మామూలు గ్యాసని తీసిపారేస్తారు చాలామంది. కొందరిలో మాత్రం అది ఏళ్లకేళ్లు లోలోపల రగులుతూ పొరని అరగదీసేస్తుంది. అరిగిన చోట కడుపు పొరకి బదులు పేగు పొర లాంటిది మొలుస్తుంది. అందులోనే ఎక్కడో ఒకరిద్దరికి అది క్యాన్సర్ దాకా వెళ్తుంది. అలా వెళ్లకుండా ఆపగలమా అన్నదే కృష్ణంరాజు ప్రశ్న. రిటైరయ్యేలోగా దానికి జవాబు చూడాలని ఆయన పట్టుదల.

అందులో చేరినవాడే సన్యాసిరాజు. పోర్టు పక్కన బొగ్గు యార్డులో లోడర్ నడుపుతాడు. విజయనగరం అవతల పల్లె నుంచి వచ్చి, మల్కాపురంలో కాపురం పెట్టాడు. వేళకి తిండి లేదు, నడుం నొప్పికి మాత్రలు, ఛాతీలో మంట పుడితే నీళ్లలో సోడా పొడి. మొదటిసారి అతనికి గొట్టం వేసింది జ్యోతిర్మయే. స్టడీలో ఉన్నవాళ్లందరిలోకీ బాగా పాడైన కడుపు అదే. పొర ఎంత పలచబడిందంటే, కింద నెత్తురు నాళాలు సన్నగా కనిపిస్తున్నాయి. అక్కడక్కడ బూడిదరంగు మచ్చలు కూడా.

ఏడాది తిరిగింది. రెండో పరీక్షనాటికి జ్యోతిర్మయి డెంగీ జ్వరంతో మధురవాడలో తన ఫ్లాట్‌లో మంచం మీద ఉంది. పరీక్ష కృష్ణంరాజే చేశాడు. ఆమె తిరిగి డ్యూటీలోకి వచ్చేసరికి విభాగమంతా పండగ వాతావరణం. సన్యాసిరాజు కడుపు బాగైపోయింది. పొర గులాబీరంగులో నున్నగా, ఇరవై ఏళ్ల కుర్రాడి కడుపులా ఉంది. వాపూ లేదు, మచ్చలూ లేవు. ఆయన జ్యోతిర్మయిని పిలిచి, హైదరాబాదులో జరగబోయే సదస్సుకి ఈ కేసు ఒక్కటీ విడిగా చూపిద్దామనీ, ముందు బొమ్మా తర్వాత బొమ్మా పక్కపక్కన పెట్టి తయారు చెయ్యమనీ చెప్పాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆమె కూడా సంతోషపడింది. మధ్యాహ్నం క్యాంటీన్ నుంచి కాఫీ తెప్పించుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని మొదటి పరీక్ష వీడియో తెరిచింది. కడుపు చివర, పేగులోకి వెళ్లే దారికి కాస్త ఇవతల, చిన్న బొడిపె ఒకటి కనిపించింది. సెనగగింజంత ఉంటుంది. మధ్యలో బొడ్డులా గుంట. మొదటిసారి చూసినప్పుడే ఆమె దాన్ని గుర్తుపట్టింది. తల్లి కడుపులో ఉండగా క్లోమం తాలూకు కాస్త కండ దారితప్పి కడుపు గోడలో ఉండిపోతే అలా కనిపిస్తుంది. హాని చెయ్యదు. పుట్టుకతో వస్తుంది, మనిషితోనే పోతుంది.

రెండో వీడియో తెరిచింది. అదే చోటు. నున్నగా ఉంది. వెనక్కి తిప్పి చూసింది, ఆపి చూసింది, దగ్గరికి లాగి చూసింది. బొడిపె లేదు.

వాపు తగ్గించే మాత్ర వాపు తగ్గిస్తుంది. అరిగిన పొర కొంత తిరిగి వచ్చిందన్నా నమ్మవచ్చు. పుట్టుకతో ఉన్న కండని ఏ మాత్రా మింగెయ్యదు. కాఫీ చల్లారిపోయింది. ఆమె ముందు ఉన్నవి రెండు కడుపులు.

పేర్లు తారుమారయ్యాయేమో అనుకుంది మొదట. ఆ రోజు ఇంకెవరికైనా చేసిన పరీక్ష ఇతని పేరు మీద ఎక్కిందేమో. స్టడీలో ఉన్నవాళ్లని పిలిపించడం, వాళ్ల మంచిచెడ్డలు చూసుకోవడం సాయిశంకర్ అనే కుర్రాడి పని. అతన్ని అడిగితే, ఆ ఉదయం ఒక్క సన్యాసిరాజుకే చేశారనీ, తానే పేరు పిలిచి లోపలికి పంపాననీ ఖాయంగా చెప్పాడు. అతను ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు. ముక్కల్ని పరీక్షించే మధులత జ్యోతిర్మయికి స్నేహితురాలు. ఆమె దగ్గరికి వెళ్లి మాటల మధ్యలో అడిగినట్టు అడిగింది. ఇంత అరిగిన పొర ఏడాదిలో ఇంత చక్కగా మొలవడం తానెప్పుడూ చూడలేదనీ, ఆశ్చర్యపడ్డాననీ, అయితే పెద్దాయన పంపిన ముక్కల్ని ఎందుకు శంకిస్తాననీ అంది మధులత.

పెద్దాయన పంపిన ముక్కలు. ఆ మాట జ్యోతిర్మయి బుర్రలో ఉండిపోయింది.

తర్వాత ఏది చూసినా అదే వైపు వేలు చూపించినట్టుండేది. మర్నాడు ఆ రెండో వీడియో కోసం వెతికితే, అందరూ వాడే కంప్యూటర్లో అది లేదు. సార్ తన దగ్గరికి తీసుకున్నారని నర్సు చెప్పింది. సన్యాసిరాజు ఫోన్ నంబరు అడిగితే, స్టడీలో వాళ్లతో ఎవరు మాట్లాడినా తనకి చెప్పి మాట్లాడాలని సార్ అన్నారని సాయిశంకర్ నీళ్లు నమిలాడు. నిజానికి ఆ నియమం మొదట్నుంచీ ఉన్నదే. ఆమెకే ఇప్పుడు కొత్తగా వినిపించింది. ఆ వారంలోనే బీచ్ రోడ్డు మీద ఒక హోటల్ అద్దాల వెనక, ఆ మాత్ర తయారుచేసే కంపెనీ మనిషితో కృష్ణంరాజు భోంచేస్తూ కనిపించాడు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ఆమె స్కూటీ ఆపకుండా ముందుకెళ్లిపోయింది గానీ, ఇంటికి చేరేదాకా ఆ నవ్వే కళ్ల ముందు ఉంది.

ఆయన దగ్గరే ఆమె పని నేర్చుకుంది. గొట్టం పట్టుకోవడం, చెయ్యి వణక్కుండా తిప్పడం, చూసిందాన్ని చూసినట్టు చెప్పడం అన్నీ ఆయన నేర్పినవే. అలాంటి మనిషి మంచి కడుపు ఒకటి తెచ్చి పాడైన కడుపు చోట పెట్టాడని అనుకోవడానికే ఆమెకి మనసొప్పలేదు. అయినా అనుకోకుండా ఉండలేకపోయింది.

ఒకరోజు రౌండ్లయ్యాక ధైర్యం చేసి ఆయన గదిలోకి వెళ్లి, సన్యాసిరాజు రెండో పరీక్షలో ఏదైనా తేడాగా అనిపించిందా అని అడిగింది.

కృష్ణంరాజు కళ్లద్దాలు తీసి ఆమె వైపు చూశాడు. "తేడా కోసమే కదా ఏడాది పాటు ఎదురుచూశాం. ఏం, నువ్వు లేనప్పుడు జరిగిందని బాధగా ఉందా?"

"అది కాదు సార్. పడుకున్నది అతనేనా అని."

"టేబుల్ మీద ఉన్నవాడి మొహం చూడను నేను. కడుపు చూస్తాను." మళ్లీ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. బొమ్మలు ఎంతవరకు వచ్చాయని అడిగాడు. ఆ తర్వాత ఆమె చేతిలోని సదస్సు పని ఇంకొకరికి ఇచ్చేశాడు. పేరు తనకే రావాలని ఈ పిల్ల ఏదో తగువు లేవదీస్తోందని ఎవరితోనో అన్నట్టు కూడా ఆమె చెవిన పడింది. అలా ఒకరినొకరు అనుమానించుకుంటూ, నడవాలో ఎదురుపడితే తలదించుకుని పోయే దాకా వచ్చింది ఇద్దరి మధ్య.

ఆదివారం ఆమె ఎవరికీ చెప్పకుండా మల్కాపురం వెళ్లింది. సన్యాసిరాజు ఇల్లు ఏ వీధిలో ఉందో మొదటి పరీక్షనాడు మాటల్లో అతనే చెప్పాడు. అక్కడ బియ్యం కొట్టులో లోడర్ రాజు ఇల్లెక్కడని అడిగితే చూపించారు. రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వసారా. తీగ మీద ఆరేసిన బట్టల్ని దులిపి మడతపెడుతోంది అతని భార్య రోజారమణి. డాక్టరమ్మని చూడగానే గుర్తుపట్టి, కంగారుపడి, కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచి వేసింది.

లోపల ఒక యువకుడు కంచం ముందు కూర్చుని చేపల పులుసుతో అన్నం తింటున్నాడు. మా తమ్ముడు గోపి అని చెప్పింది రోజారమణి. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలో పని, వారం వారం వచ్చిపోతుంటాడు. డాక్టరన్న మాట వినగానే గోపి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. జ్యోతిర్మయి అది చూసింది గానీ అప్పటికి పట్టించుకోలేదు.

అడక్కుండానే రోజారమణి గోడు వెళ్లబోసుకుంది. ఆసుపత్రి వాళ్లు కడుపు బాగైపోయిందన్నారంట, సంతోషమే. మరి మనిషికి తిండి సయించడం లేదు. రెండు ముద్దలు తినేసరికి నిండిపోయిందంటాడు. ప్యాంట్లన్నీ వదులైపోయాయి. మాత్ర కూడా ఒక్క పూట మానకుండా తనే అందిస్తోంది.

"రిపోర్ట్ బాగుంటే మనిసి ఇలగ ఎందుకైపోతన్నాడు మేడం? నాను అడిగితే కసురుకుంతన్నాడు. నాకేటీ తెల్డంనేదు."

అంతలో సన్యాసిరాజు వచ్చాడు. ఏడాది కిందట చూసిన మనిషికి దవడలు లోపలికి పోయాయి. కాలర్ ఎముకలు బయటికొచ్చాయి. గులాబీరంగు పొర ఉన్న కడుపు ఇతని ఒంట్లో లేదు. వీడియో తెరవక్కర్లేకుండానే ఆ సంగతి తెలిసిపోతోంది. మరి కృష్ణంరాజు ఎవరి కడుపు చూపించాడు? ఈ మనిషికి ఏమని చెప్పి ఇంటికి పంపాడు?

ఆమె మామూలుగా మాట్లాడుతూ, రెండోసారి పరీక్షప్పుడు గొంతు నొప్పి పెట్టిందా అని అడిగింది.

"ఏటీ నేదండి. మొదటి పాలి నాగే మీరు సక్కగా సేసినారు కదా," అన్నాడు సన్యాసిరాజు.

"నేనా?"

"మీరే కదండీ."

"నేను ఆ రోజు ఆసుపత్రిలో లేను రాజుగారూ. జ్వరంతో ఇంట్లో ఉన్నాను."

సన్యాసిరాజు గుమ్మం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. రోజారమణి మడతపెడుతున్న చొక్కా ఒళ్లో పడిపోయింది. ఆమె మొగుడి మొహం చూసింది, తర్వాత డాక్టరమ్మ మొహం చూసింది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు కదా, ఎవరు చేశారో గుర్తులేదేమో అని తనే సర్దిచెప్పబోయింది.

లోపల గోపి కంచం పక్కకి జరిపి, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"నానెల్లినాను మేడం. బావ పేరు సెప్పి నానే పడుకున్నాను."

సన్యాసిరాజు గోపిని తిట్టబోయి, ఆగి, వసారా గట్టు మీద కూర్చుండిపోయాడు. ఆధార్ కార్డు చూపించమంటే బావదే చూపించాననీ, ఆ ఫోటోలో మొహం ఎవరిదైనా కావచ్చనీ, అడిగిన కుర్రాడు సరిగా చూడనేలేదనీ గోపి చెప్పుకొచ్చాడు. బావకి గొట్టమంటే భయమనుకున్నాననీ, అక్క గొడవ పడకుండా ఉంటుందని ఒప్పుకున్నాననీ అన్నాడు.

జ్యోతిర్మయికి ఒక్క క్షణం ఊపిరి తేలికైంది. కృష్ణంరాజు ఏ తప్పూ చెయ్యలేదు. ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. ఎదురుగా కూర్చున్న మనిషి ఎముకలు చూశాక ఆ రెండూ పోయి భయం ఒక్కటే మిగిలింది.

"భయమేనా రాజుగారూ?" అని అడిగింది.

సన్యాసిరాజు వీధి వైపు తిరిగాడు. అవతల రోడ్డు మీద పోర్టు లారీలు వరసగా పోతున్నాయి.

"మొదటి పాలి మత్తులో ఉన్నాననుకున్నారు మీరు," అన్నాడు. "నాకు ఇనిపిస్తానే ఉంది. ఆ పెద్దాయన ఒచ్చి టీవీలో సూసి, 'మనకి కావలసింది ఇలాంటి కడుపే' అన్నాడు. జాలిగా అన్నేదు. లాటరీ తగిలినోడి నాగ అన్నాడు. నా కడుపు మీకేటికి కావాలండి?"

ఆ మాట ఆయన అనడం జ్యోతిర్మయికి గుర్తే. స్టడీకి సరిపోయే కేసు దొరికిందన్న సంతోషంతో అన్నాడు. అప్పుడామె చెవికి అది చాలా మామూలు మాట.

తర్వాతది అతను ఆగి ఆగి చెప్పాడు. ఇంటికొచ్చిన మర్నాడు విరేచనం నల్లగా తారులా అయింది. లోపల్నుంచి ముక్కలు కోసుకున్నారు కాబట్టే నెత్తురు పోతోందనుకున్నాడు. ఎందుకు కోశారని యార్డులో వాళ్లని అడిగితే తలా ఒకటి చెప్పారు. సగం మందికి మందు లేని మాత్రలిస్తారని ఎవరో అంటే, డబ్బాలో ఉన్నవి మింగాలనిపించలేదు. మనుషుల మీద ప్రయోగం చేసి, బతికితే బతికాడని, పోతే పోయాడని రాసుకుంటారనుకున్నాడు. భార్యకేమో ఆసుపత్రి మీద గట్టి నమ్మకం. ఆమెతో వాదించలేక, ఇచ్చిన మాత్రని బుగ్గన దాచుకుని పోయి కాలవలో పారేస్తూ వచ్చాడు.

"అన్నీనా?" అంది రోజారమణి.

"అన్నీ పారీసినాను."

రోజారమణి ఒళ్లోని చొక్కా పక్కన పెట్టింది. రోజూ అన్నం ముందు నీళ్లగ్లాసూ మాత్రా తన చేత్తో అందించింది తానే. ఏడాది పాటు తన కళ్ల ముందే నోట్లో వేసుకున్నట్టు చేసి, వీధి చివరికి పోయి ఉమ్మేసి వస్తున్నాడన్నమాట. లేచి లోపలికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుంది.

జ్యోతిర్మయి తన ఫోనులో మొదటి పరీక్ష బొమ్మ తీసి అతనికి చూపించింది. ఈ బొడిపె మీకు పుట్టుకతోనే ఉందని చెప్పింది. ఇది గోపి కడుపులో లేదు, అందుకే పట్టుకోగలిగానంది. తీసిన ముక్కలు బియ్యపు నూక కన్నా చిన్నవనీ, ఎప్పుడైనా కాస్త నెత్తురు వస్తుందనీ, ఆ మాట ముందే విడమరిచి చెప్పి ఉండాల్సిందనీ ఒప్పుకుంది. అతను ఫోను చేతిలోకి తీసుకుని ఆ బొమ్మకేసి చూశాడు. మొహంలో అనుమానం ఏమీ తగ్గలేదు.

"అంటే ఇప్పుడు మళ్లీ నా కడుపు కావాలి మీకు."

"స్టడీకి అక్కర్లేదు. మందు వేసుకోలేదు కాబట్టి మీరు అందులోంచి బయటికి వచ్చేసినట్టే. మా ఆసుపత్రికి రావద్దు, నా దగ్గరికీ రావద్దు. మీకు నమ్మకం ఉన్నచోటికి వెళ్లండి. కానీ వెళ్లండి. బాగుందన్న రిపోర్టు గోపిది. మీది కాదు."

అతను ఫోను తిరిగిచ్చేశాడు. గోపి ఆమెని స్కూటీ దాకా దిగబెట్టి, తన మీద పోలీసు కేసు అవుతుందా అని మెల్లగా అడిగాడు. ముందు మీ బావని ఎక్కడికైనా తీసుకెళ్లి చూపించమని చెప్పి ఆమె వచ్చేసింది.

మర్నాడు కృష్ణంరాజు గదిలో అంతా చెప్పింది. ఆయన నమ్మలేదు. తన దగ్గరున్న రెండో వీడియోని ఆమె ఎదుటే తెరిచి, ఆ చోటుకి వచ్చాక ఆపాడు. పక్కన మొదటిది పెట్టాడు. తెర మీద బొమ్మలు కదలడం మానేశాక కూడా ఆయన అలాగే చూస్తున్నాడు. బొడిపె లేదన్న సంగతి ఆ రోజే పట్టుకోవాల్సిన మనిషి ఆయన. పొర నున్నగా ఉందన్న సంబరంలో మిగతాది కనపడలేదు. ఆ సంగతి ఆయన పైకి అనలేదు, ఆమె కూడా అనలేదు.

రెండు వీడియోలూ మూసేసి అడిగాడు. "నన్ను అనుమానించావు కదూ."

"అవును సార్."

ఆయన తలూపాడు. కోపం వచ్చిందో లేదో ఆమెకి అర్థం కాలేదు. ఆ సాయంత్రమే ఆయన సదస్సుకి పంపిన కేసుని వెనక్కి తీసుకున్నాడు. మర్నాడు పరిశోధనల్ని పర్యవేక్షించే కమిటీకి జరిగింది జరిగినట్టు తానే చెప్పాడు. స్టడీలో మిగిలినవాళ్లందరి వీడియోలూ పక్కపక్కన పెట్టి, కడుపు కడుపునీ పోల్చి చూడమన్నాడు. ఆ పని జ్యోతిర్మయికి మాత్రం ఇవ్వలేదు.

సన్యాసిరాజు వస్తాడని ఆమె అనుకోలేదు. కానీ ఒక ఉదయం ఓపీ దగ్గర బెంచీ మీద భార్యాభర్తలిద్దరూ కనిపించారు. మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత ఎడం. వచ్చింది తానై కాదనీ, ఆవిడ అన్నం వండడం మానేసిందనీ అన్నాడు. తర్వాత తన షరతులు చెప్పాడు. మత్తు ఇవ్వకూడదు. టీవీ తన వైపు తిప్పాలి. రోజారమణి గదిలోనే ఉండాలి. గొట్టం డాక్టరమ్మే వెయ్యాలి, ఏం చేస్తున్నారో చేసే ముందు చెప్పాలి.

మత్తు లేకుండా చేయించుకోవడం కష్టమని, గొంతుకి తిమ్మిరి మందు కొట్టినా వాంతి వచ్చినట్టవుతుందని చెబితే, బొగ్గు దుమ్ము కన్నానా అన్నాడు.

ఎడమ వైపు తిరిగి పడుకున్నాడు. తెర అతని కళ్లకి ఎదురుగా ఉంది. గొట్టం గొంతు దాటేటప్పుడు ఒళ్లంతా బిగుసుకుపోయి, కళ్లలో నీళ్లు ధారగా కారాయి. రోజారమణి అతని పాదం పట్టుకుంది. జ్యోతిర్మయి మెల్లగా చెబుతూ పోయింది. ఇది అన్నవాహిక. ఇప్పుడు కడుపులోకి వచ్చాం. గాలి నింపుతున్నాను, ఉబ్బినట్టుంటుంది. అదిగో చూడండి, మీ బొడిపె. సన్యాసిరాజు రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. తన ఒంట్లోనే ఉన్నదాన్ని మొదటిసారి చూడడం అతనికది.

గొట్టం వెనక్కి వంచి, కడుపు లోపలి వంపు మీదికి వెలుతురు తిప్పినప్పుడు ఆమె మాట ఆగింది. ఎర్రటి మచ్చ. వేలిగోరు కన్నా కాస్త పెద్దది, మధ్యలో లొత్త పడింది. ఏడాది కిందట అక్కడ అది లేదు. అతని కళ్లు తెర మీద నుంచి ఆమె మొహం మీదికి తిరిగాయి. నోట్లో గొట్టం ఉంది, అడగలేడు.

"ఇది నాకు నచ్చలేదు రాజుగారూ," అంది ఆమె. "ఏమిటో తెలియాలంటే ముక్క తియ్యాలి. తియ్యమంటే తీస్తాను. వద్దంటే గొట్టం తీసేస్తాను."

అతను కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు. చెయ్యి కొంచెం పైకెత్తి, కానివ్వండి అన్నట్టు ఊపాడు. సన్నటి కొరుకుడు పట్టకారు పొరని గిల్లడం, నెత్తురు బొట్టు ఊరడం, చూస్తుండగానే అది ఆగిపోవడం ముగ్గురూ చూశారు.

ఈసారి ముక్కల్ని జ్యోతిర్మయి తన చేత్తో మధులతకి ఇచ్చింది. క్యాన్సరే. ఇప్పుడిప్పుడే మొదలైంది, పొర దాటి కిందికి దిగలేదు. ఇంకో ఏడాది గోపి రిపోర్టు పట్టుకుని ఇంట్లో కూర్చుని ఉంటే ఏమయ్యేదో భార్యాభర్తలిద్దరికీ ఆమె దాచకుండా చెప్పింది. ఇలాంటి మచ్చల్ని పొట్ట కొయ్యకుండా గొట్టంతోనే చెక్కి తీసే నిపుణుడు హైదరాబాదులో ఉన్నాడు. కృష్ణంరాజు ఆయనకి స్వయంగా ఫోన్ చేసి మాట్లాడాడు. సన్యాసిరాజుని తన గదిలోకి పిలిపించి, కూర్చోమని, ఆ రోజు అన్న మాటకి బాధపడుతున్నానని చెప్పాడు. సన్యాసిరాజు విన్నాడు. పరవాలేదని అనలేదు. వచ్చేటప్పుడు మాత్రం దండం పెట్టి వచ్చాడు.

మచ్చని పూర్తిగా తీసేశారు. అంచుల్లో ఏమీ మిగల్లేదని రిపోర్టు వచ్చింది. అది చూపించినప్పుడు సన్యాసిరాజు అడిగిన మొదటి మాట, ఇది నాదేనా అని.

స్టడీ ముగిసింది. మిగతావాళ్ల వీడియోలన్నీ సరిపోయాయి, ఇంకెవరూ మారలేదు. మాత్ర ఏదో కొద్దిమందికి కొద్దిగా ఉపకరించినట్టుంది గానీ, ఉత్త మాత్రకీ దానికీ మధ్య గొప్పగా చెప్పుకునేంత తేడా రాలేదు. కృష్ణంరాజు ఆ సంగతే రాసి పంపించాడు. జ్యోతిర్మయి పేరు కూడా అందులో ఉంది. ఆమెతో పని మాటలు మాట్లాడతాడు, ఇదివరకటిలా కాఫీకి పిలవడు. ఆమెకి అది బాధే. అయినా అనుమానించిన మాట తనే ఒప్పుకుంది కాబట్టి, భరిస్తోంది.

హైదరాబాదు నుంచి వచ్చాక సన్యాసిరాజుకి కడుపులో వాపుకి కారణమైన సూక్ష్మజీవిని చంపడానికి మాత్రలు రాశారు. అవి మధ్యలో మానకుండా వేసుకోవాలి. మొదటి పూట రోజారమణి నీళ్లగ్లాసుతో ఎదురుగా కూర్చుంది. అతను మింగాడు. ఆమె కదల్లేదు.

"నోరు తెరువు," అంది.

తెరిచాడు.

"నాలిక ఎత్తు."

అతను ఆమె కళ్లలోకి చూడలేక, గోడ వైపు చూస్తూ నాలిక ఎత్తాడు. ఆమె వంగి, బాగా చూసి, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. గోపి వసారాలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. నవ్వబోయి, బావ మొహం చూసి మానేశాడు.